అడవి చుట్టాల పేజీలో ‘లేవు’ అని రాశారు, ఒకసారి మళ్ళీ తెరవండి

మా మండలంలోని లంక పంచాయతీల జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యులకు, సర్పంచులకు, సెక్రటరీలకు,

నమస్కారమండి.

పోయిన నెల ఒక సర్టిఫికెట్ కోసం పంచాయతీ ఆఫీసుకి వచ్చాను. సెక్రటరీ గారు మీటింగ్‌లో ఉన్నారు, గంట పడుతుంది అన్నారు. ఊరికే కూర్చోలేక, బీరువా పక్కన దుమ్ము పట్టి ఉన్న ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తీసి తిరగేశాను. చాలావరకు బాగానే రాశారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొబ్బరి, అరటి, కంద, పులస, బొమ్మిడాయి, గుడి దగ్గర రావిచెట్టు, ఆఖరికి చెరువులో గుర్రపుడెక్క కూడా ఉంది. ‘పంటల అడవి బంధువులు’, అంటే మనం పండించే పంటలకి చుట్టాలై, ఎవరూ వెయ్యకుండా వాటంతటవే పెరిగే మొక్కలు, అన్న పట్టిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం గళ్ళన్నిటికీ అడ్డంగా ఒక గీత, ఆ గీత మీద ఒకే మాట: లేవు. పక్క ఊరి రిజిస్టర్ ఎలా ఉందో చూడమని మా ఆడపడుచు కొడుక్కి చెప్తే ఫోన్‌లో ఫొటో తీసి పంపాడు. అక్కడా అదే మాట, చేతిరాత కూడా అదేలా ఉంది.

ఆ మాట తప్పండి. అది చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఎవరినో దులిపెయ్యాలని కాదు. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఓ కమిటీ ఉండాలి, ఆ కమిటీ ఊరివాళ్ళని అడిగి ఈ రిజిస్టర్ తయారుచెయ్యాలి. చాలా చోట్ల ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 లోపు పూర్తి చెయ్యకపోతే నెలకి పది లక్షలు కట్టాలని రాష్ట్రాల మెడ మీద కత్తి పెట్టేసరికి దేశమంతా ఒక్కసారిగా పెన్నులు కదిలాయి. అంత హడావుడిలో అడవి బంధువులు అని కనపడగానే, మన లంకలో అడవెక్కడిది అనుకుని గీత కొట్టేసి ఉంటారు. నేనున్నా అదే చేసేదాన్నేమో, క్యాబేజీ నా కళ్ళు తెరిపించకపోతే.

క్యాబేజీ సంగతి చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, మన గట్టు దగ్గరికే వస్తాను.

వరద తీసి, ఒండ్రు ఆరి, కాలు దిగబడకుండా నడిచే రోజు రాగానే మేము లంకలో ఎకరంన్నర కూరగాయలు వేస్తాం, అందులో అరెకరం ఎప్పుడూ క్యాబేజీ. నాలుగేళ్ళ క్రితం ఆ అరెకరం మొత్తం పోయింది. ప్యాకెట్ విత్తనమే, కంపెనీ పేరు ఇప్పుడెందుకు లెండి. నారు నవనవలాడింది, నాటాక కూడా నెల దాటేదాకా చూడముచ్చటగా ఉంది. తర్వాత మంచు బాగా పడుతున్న రోజుల్లో ఒకరోజు పొద్దున్నే ఆకు అంచున పసుపు మచ్చ కనపడింది. అంచు దగ్గర వెడల్పు, ఈనె వైపు వచ్చేసరికి మొనదేలి, అచ్చం సమోసా ముక్కలా. ఆకు తెంపి ఎండకి అడ్డం పెట్టి చూస్తే ఆ పసుపులో ఈనెలు నల్లదారాల్లా ఉన్నాయి. మొక్క పీకి కాడ అడ్డంగా కోశాను, లోపల గాజులా నల్లటి చుట్టు. ఇంకో రెండు వారాలకి గడ్డలు మెత్తబడి, పంటు (రేవు దాటించే పడవ) దిగి వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుంటూ ఎవరింట్లో ఏం చచ్చిందని అడిగేంత వాసన.

నల్లకుళ్ళు. విత్తనంలోనే వచ్చే బాక్టీరియా. పొద్దున్నే క్యాబేజీ ఆకు అంచుల్లో ముత్యాల్లా నీటిబొట్లు నిలబడి ఉంటాయి చూడండి, అవి మంచుబొట్లనుకుంటాం గానీ చాలావరకు మొక్క లోపలి నుంచి వదిలిన నీళ్ళే, ఆ నీళ్ళు వచ్చే సన్నటి రంధ్రాల్లోంచే అది లోపలికి దూరుతుంది. అందుకే మచ్చ అంచున మొదలవుతుంది. దూరాక ఏ మందు కొట్టినా డబ్బు దండగ. విత్తనాన్ని ముందే 50 డిగ్రీల వేడినీళ్ళలో అరగంట ఉంచితే కొంత మేలు, అది కూడా నాకు పంట పోయాకే తెలిసింది. చూడ్డానికి వచ్చిన ఆఫీసరు గారు పాపం మంచాయనే, వచ్చే ఏడు తట్టుకునే రకం వెయ్యండమ్మా అన్నారు. ఆ తట్టుకునే గుణాన్ని ఎక్కణ్ణించి తెస్తారండీ అని అడిగితే ఆయన నవ్వి, అది సైంటిస్టుల పని అని బండెక్కారు. డిగ్రీలో నేను చదివింది బోటనీ. ఏ మొక్క పేరడిగినా లాటిన్‌లో చెప్తానని మా అత్తగారి గొడవే తప్ప ఆ చదువు ఇన్నాళ్ళూ ఎందుకూ అక్కరకి రాలేదు. ఆ శీతాకాలం పంట లేదు, పని లేదు, కూర్చుని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

మనం క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ అని నాలుగు కూరగాయలు అనుకుంటాం. బోటనీలో నాలుగూ ఒకటే జాతి, బ్రాసికా ఒలరేసియా. ఒక కడుపున పుట్టిన పిల్లలే. ఒకదానికి ఆకులు ముడుచుకున్నాయి, ఒకదానికి పువ్వు విచ్చుకోకుండా గడ్డకట్టింది, ఒకదానికి కాడ ఉబ్బింది. వందల ఏళ్ళపాటు రైతులు తమకి నచ్చిన మొక్క విత్తనమే దాచుకుని, నచ్చనిది గేదెకి వేస్తూ పోతే ఇలా తయారయ్యాయి. చేదు తగ్గించారు, గడ్డ బిగించారు, అన్నీ ఒకేసారి కోతకి వచ్చేలా చేశారు. ఇలా ఏరుకుంటూ పోయినప్పుడల్లా మనకి కావలసిన గుణం దక్కింది గానీ, అవసరం లేదనుకున్న గుణాలు వంద జారిపోయాయి. తెగుళ్ళకి తట్టుకోవడం వాటిలో ఒకటి.

జారిపోయినవి ఎక్కడున్నాయంటే, రాళ్ళ మీద. ఇంగ్లండ్ దక్షిణాన డోవర్ దగ్గర తెల్లటి సున్నపురాయి కొండచరియల మీద, సముద్రపు ఉప్పుగాలి మొహానికి కొడుతూ ఉంటే, బూడిద పూసినట్టు నీలంగా మందంగా ఉండే ఆకులతో ఒక మొక్క ఉంటుంది. గడ్డ కట్టదు, కాడ చెక్కలా గట్టిపడి ఏళ్ళ తరబడి బతుకుతుంది. అదే అడవి క్యాబేజీ. చాలాకాలం మన క్యాబేజీకి తల్లి అదే అనుకున్నారు. 2021లో జన్యువుల లెక్క తీసినవాళ్ళు, కాదు, అసలు పుట్టిల్లు మధ్యధరా సముద్రానికి తూర్పు వైపు, గ్రీసు దీవుల దగ్గర పెరిగే బ్రాసికా క్రెటికాయే దగ్గరి చుట్టం అన్నారు. డోవర్‌వి ఎప్పుడో తోటల్లోంచి పారిపోయి రాళ్ళెక్కిన సంతానం కావచ్చట. ఇటలీకి కింద సిసిలీ దీవి, చుట్టుపక్కల లంకలు చూస్తే అక్కడ ఇంకా గుంపుగా ఉన్నాయి: నూగు నూగుగా ఉండే బ్రాసికా విల్లోసా, బ్రాసికా ఇన్కానా, బ్రాసికా రుపెస్ట్రిస్, కాయ లావుగా ఉండే బ్రాసికా మాక్రోకార్పా. ఈ ఆఖరుది సిసిలీ పక్కన ఎగాది అనే చిన్న దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్నవాటి లిస్టులో ఉంది. అది కూడా లంక మొక్కే అని చదివినప్పుడు నాకు ఒక్క క్షణం మనసు అదోలా అయిపోయింది.

వీటితో పనేంటి అంటారా. సిసిలీలో సేకరించిన విల్లోసాని ఇంగ్లండ్‌లో నారిచ్ శాస్త్రవేత్తలు బ్రోకలీతో కలిపి, మళ్ళీ మళ్ళీ బ్రోకలీతోనే వెనక్కి కలుపుతూ, బెనిఫోర్టే అనే రకం తీశారు, 2011లో అక్కడి షాపుల్లోకి వచ్చింది. అందులో గ్లూకోరాఫనిన్ అనే గంధకపు పదార్థం మామూలు బ్రోకలీ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆవగింజ నమిలితే ముక్కులోకి ఎక్కే ఘాటు, క్యాబేజీ ఉడికేటప్పుడు పక్కింటిదాకా పోయే ఆ వాసన, ఇవన్నీ ఆ కుటుంబం పదార్థాలవే. (అది తింటే ఫలానా రోగం పోతుందని వాట్సాప్‌లో తిరిగేవాటి జోలికి నేను పోను.) బ్రాసికా ఫ్రూటిక్యులోసా అని ఇంకొకటి, పేనుబంకని తట్టుకుంటుంది. మనం పేనుబంకకి ఒక సీజన్‌లో ఎన్నిసార్లు స్ప్రేయర్ భుజానికెత్తుతామో మీకు తెలుసు.

నా పంటని తినేసిన నల్లకుళ్ళు మాటేమిటి అంటే అక్కడ కథ ఇంకా బాగుంటుంది. దానికి గట్టిగా నిలబడే గుణం క్యాబేజీ ఇంట్లో సరిగ్గా దొరక్క, ఇథియోపియా ఆవ మొక్కలో వెతికారు. మన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌ఐ) వాళ్ళు దాన్ని కాలీఫ్లవర్‌తో కలిపే పని చేశారు. చుట్టరికం కాస్త దూరం కాబట్టి పరాగం అంటినా గింజ నిలవదు, కాయలోనే పిండం చచ్చిపోతుంది. అందుకని కాయ ముదరకముందే చీల్చి, సూదిమొనంత పిండాన్ని బయటికి తీసి, గాజుసీసాలో పోషకాలు పోసి పెంచుతారు. నెలలు నిండని బిడ్డని పెట్టెలో పెట్టినట్టే. అలా బతికిన మొక్కని మళ్ళీ కాలీఫ్లవర్‌తో తరాల తరబడి కలిపితే గానీ రైతుకి పనికొచ్చే రూపు రాదు. మధ్యలో ఎన్ని పోతాయో.

ఇథియోపియా ఆవకీ క్యాబేజీకీ చుట్టరికం ఏంటంటే, 1935లో ఊ నాగహారు అనే ఆయన, కొరియా మూలాలున్న జపాన్ శాస్త్రవేత్త, ఒక త్రిభుజం గీసి తేల్చేశాడు. మూడు కొసల్లో మూడు మూల జాతులు: క్యాబేజీ, నల్ల ఆవ, టర్నిప్ జాతి. రెండేసి కలిస్తే మూడు కొత్త పంటలు. నల్ల ఆవా క్యాబేజీ కలిస్తే ఇథియోపియా ఆవ. టర్నిప్ జాతీ క్యాబేజీ కలిస్తే నూనె తీసే గోభీ సర్సోం. టర్నిప్ జాతీ నల్ల ఆవా కలిస్తే మన పోపులపెట్టెలో ఉన్న ఆవాలు. అంటే క్యాబేజీ కూరకి తాలింపు పెట్టినప్పుడల్లా మూకుట్లో చుట్టాలు కలుసుకుంటున్నట్టే. డైమండ్ రెక్కల పురుగు కోసం 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు ఎర పంటగా వెయ్యమని చెప్తారు కదా, ఆ తల్లి పురుగు ఆవ మొక్కని ఎక్కువ ఇష్టపడి అక్కడే గుడ్లు పెడుతుంది. చుట్టం దెబ్బ చుట్టం కాసుకోవడం అంటే అదే.

ముల్లంగిది ఇంకో వరస. 1968లో జపాన్‌లో ఒగురా అనే ఆయనకి పుప్పొడి లేని ముల్లంగి మొక్క కనపడింది. ఎవరైనా అయితే చవట మొక్క అని పీకేసేవారు. ఫ్రాన్స్ వాళ్ళు ఆ గుణాన్ని బ్రాసికా పంటల్లోకి తెచ్చి, దానితో వచ్చిన ఆకులు పాలిపోయే జబ్బుని కణాలు కలిపే పద్ధతిలో సరిచేశారు. పుప్పొడి లేని తల్లి ఉంటే హైబ్రిడ్ విత్తనం తియ్యడం తేలిక. మనం పది గ్రాములకి అంత పోసి కొంటున్న క్యాబేజీ, కాలీఫ్లవర్ హైబ్రిడ్లలో చాలావాటి వెనక ఆ ముల్లంగి ఉంది.

ఒకాయన గురించి చెప్పి క్యాబేజీ ఆపేస్తాను. స్పెయిన్‌లో మాడ్రిడ్‌లో సెసార్ గోమెజ్ కాంపో అని ప్రొఫెసర్, 1966లోనే ఈ ఆవ కుటుంబపు అడవి మొక్కల విత్తనాలు దాచడం మొదలుపెట్టాడు. కొండలూ దీవులూ తిరిగి తెచ్చిన గింజల్ని చిన్న గాజు గొట్టాల్లో పోసి, పక్కన సిలికా జెల్ వేసి, మంట మీద మూతి కరిగించి మూసేసేవాడు. కొత్త చెప్పుల పెట్టెలో చిన్న పొట్లం ఉంటుంది చూడండి, తినకూడదని రాసి, అందులో ఉండేది అదే. నలభై ఏళ్ళ తర్వాత పగలగొట్టి మొలకేస్తే అవి చాలావరకు మొలిచాయి. 1966లో ఆయన్ని చూసి, ఈ కలుపు గింజలేంటయ్యా అనని వాడు ఒక్కడైనా ఉండి ఉంటాడా.

సిసిలీలో ఏదో ఒక ఊరి పంచాయతీ ఆ రాళ్ళ మీద మొక్కల్ని చూసి ‘లేవు’ అని రాసి, శుభ్రం పేరుతో గడ్డిమందు కొట్టించి ఉంటే ఎలా ఉండేదో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు మన దగ్గరికి వస్తున్నాను. క్యాబేజీకి గోదావరి లంకల్లో అడవి చుట్టం లేని మాట నిజమే. గట్టు మీద కుక్కవామింట ఉంది, పసుపు పువ్వుకి ఆవపువ్వులాగే నాలుగు రేకులు, గింజ కూడా ఆవగింజలాగే వాడతారు, రెండు కుటుంబాలూ పక్కపక్కవే. అయినా అది వేలు విడిచిన మేనమామ వరస, పెళ్ళికి పిలవడానికి తప్ప దేనికీ కుదరదు. మన పంటలు వేరు: వరి, చెరుకు, వంగ, బెండ. వాటి చుట్టాలన్నీ ఇక్కడే ఉన్నాయి, మీరు రోజూ బండి మీద వాటి పక్కనుంచే వెళ్తున్నారు.

రెల్లు. దసరా ముందు లంకంతా తెల్లగా ఊగుతూ ఉంటుంది, డ్రోన్ వీడియోలు తీసి పెడతారు, వెనక పాట కూడా పెడతారు. ఆ రెల్లు చెరుకుకి అడవి చుట్టం అని ఆ వీడియోల కింద ఒక్కరైనా రాయగా నేను చూడలేదు. కోయంబత్తూరులో 1912లో చెరుకు పరిశోధన కేంద్రం పెట్టాక, అక్కడ బార్బర్, వెంకట్రామన్ అనే ఇద్దరు లావుపాటి తియ్యటి చెరుకుని ఈ రెల్లుతో కలిపారు. తీపి లేని గడ్డితో చెరుకుని కలపడమేంటని నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. 1918లో వచ్చిన కో 205 ఆ కాపురంలో పుట్టిందే. ఎండకీ చలికీ తెగుళ్ళకీ ఓర్చుకునే మొండితనం రెల్లు ఇచ్చింది, తీపి చెరుకు ఇచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో పండే చెరుకు రకాల్లో దాదాపు అన్నిట్లోనూ రెల్లు రక్తం ఉంది. మన ఇంట్లో బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే అందులో ఇంతైనా లంక గడ్డి ఉన్నట్టే.

నివ్వరి. అడవి వరి. మా బోదె చివర, మురుగు కాలవలో కలిసే చోట ఒక గుంట ఉంది, ఎండాకాలం ఎండిపోతుంది, వానలకి నిండుతుంది. అందులో వస్తుంది. దూరం నుంచి చూస్తే వరి దుబ్బే. దగ్గరికెళ్తే కంకి పల్చగా ఉంటుంది, ఒక్కో గింజకి వేలెడంత మీసం, ఎండ పడితే ఎర్రగా మెరుస్తుంది. కింద చెయ్యి పెట్టి కంకిని మెల్లగా తాకితే చాలు, ముదిరిన గింజలన్నీ గలగలా రాలిపోతాయి, మన వరిలా కోసి కొట్టేదాకా పట్టుకుని ఉండవు. గుళ్ళో మంత్రపుష్పం చదివేటప్పుడు నీవార శూకం అని వస్తుంది కదా, ఆ నీవారం ఇదే, ఆ శూకం ఈ మీసమే. మా పంతులు గారికి ఒక కంకి తీసుకెళ్ళి చూపిస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు, ఇన్నేళ్ళు చదువుతున్నానమ్మా, చూడ్డం ఇదే మొదలు అన్నారు.

దీనితో ఏమొచ్చింది అంటే వినండి. 1970ల్లో ఆసియా అంతటా సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ అనే వైరస్ వరిని గిడసబార్చి తినేస్తుంటే, ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు వేల రకాలు పరీక్షించారు. గట్టిగా తట్టుకున్నది ఒకే ఒక్క నమూనా. అది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి. 1976లో వచ్చిన ఐఆర్ 36 అనే వరి రకంలో ఉన్నది ఆ గుణమే. ఆ నమూనా దొరికిన చోటుని ముందే ఎవరో పూడ్చేసి ఉంటే ఏమయ్యేదో నాకు ఊహ అందడం లేదు. సుడిదోమ అంటే ఏంటో మన డెల్టా వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, 1925 నుంచీ ఉన్న మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం దాన్ని తట్టుకునే రకాల కోసం ఎంత తంటాలు పడిందో కూడా మీకు తెలుసు. ఎండాకు తెగులు సంగతి కూడా ఇంతే. సాంబ మసూరికి ఆ బెడద తగ్గించడానికి హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు, అందులో పెట్టిన మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలో పెరిగే అడవి వరిది.

బెండ శంఖు రోగానికి అర్క అనామిక తట్టుకుంటుందని వేశాం కదా, ఆ గుణం అడవి బెండది. వంగ ఎండు తెగులుకి అంటు నారు అమ్ముతున్నారు, వేరు ఉస్తిది, పైన వంగ. ఇంకా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

ఇంతకీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న కాలవ గట్టు శుభ్రం పేరుతో రెండు రోజులపాటు గడ్డిమందు కొట్టారు. ఎవరు కొట్టించారో ఇక్కడ రాయను, పని చేసినవాళ్ళు కూలీకి వచ్చినవాళ్ళు, వాళ్ళని అనేదేం లేదు. వారం తిరిగేసరికి గట్టంతా కాలిన చాప పరిచినట్టు అయిపోయింది. రెల్లు వేరు లోతు కాబట్టి మళ్ళీ లేస్తుంది, నాకు దాని గురించి బెంగ లేదు. గుంటలో నివ్వరి మాత్రం అప్పుడే పొట్ట మీద ఉంది. ఏటా గింజ రాలి మొలవాల్సిన మొక్క అది. గింజ పడకముందే చంపేస్తూ పోతే, మట్టిలో మిగిలిన పాత గింజలు అయిపోయిన ఏడాదితో దాని కథ అయిపోతుంది.

నాకు తెలుసు, మీలో కొందరు ఇది చదివి, ఈవిడకేం తెలుసు పొలంలో కలుపు బాధ అనుకుంటారు. తెలుసండి. అడవి వరి మడిలోకి వస్తే వరి మధ్యలో దొంగలా నిలబడి, కోతకి ముందే గింజ రాల్చి, మరుసటేడు పదింతలు మొలుస్తుంది. మడిలో కనపడితే నేనే ముందు పీకుతాను. లంక భూమిలో రెల్లు దుబ్బు తవ్వితే నడుం విరుగుతుంది, అదీ తవ్వించాను. పొలంలో ఉన్నది పొలానికి శత్రువే. నేను అడిగేది పొలం గురించి కాదు, ఎవరికీ చెందని ఆ గట్లు, బోదెలు, గుంటల గురించి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసి కాలవలు పారించాక డెల్టాలో ప్రతి సెంటు భూమీ మడి అయిపోయింది, పాత గడ్డీగాదానికి మిగిలిన చోటు ఆ గట్లే.

అడవి మొక్కల్లో ప్రతిదీ పనికొస్తుందని కూడా నేను అనడం లేదు. వేలల్లో ఒకటి పనికొస్తుంది, అదీ ముప్పై ఏళ్ళకి. ఏది అన్నది ముందు తెలియదు, అదే చిక్కు.

మీరు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. రిజిస్టర్ ఒకసారి రాసి బీరువా ఎక్కించేది కాదు, ఎప్పటికప్పుడు సరిచూసుకోవాల్సిన పుస్తకం. ఆ పేజీ మళ్ళీ తెరవండి. ఆఫీసులో కూర్చుని కాకుండా గేదెలు మేపేవాళ్ళని, కలుపు తీసే ఆడవాళ్ళని, రెల్లు కోసి పాకలు నేసిన ముసలివాళ్ళని అడిగి రాయండి. ఏ గడ్డి గేదె తింటుంది, ఏది ముట్టదు, ఏది ఎప్పుడు గింజ రాలుస్తుంది అన్నది వాళ్ళ దగ్గరుంది, నా బోటనీ పుస్తకంలో లేదు. కమిటీలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని 2004 నిబంధనల్లోనే రాశారు. మా ఊరి లిస్టులో ఆ మూడోవంతులో మా తోడికోడలి పేరుంది. నేను చెప్పేదాకా ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఒక్క మీటింగ్‌కైనా పిలిచి టీ ఇవ్వండి, మీ రిజిస్టర్‌లో సగం ఆవిడే నింపేస్తుంది.

ఊరికి ఒక వంద గజాల గట్టు, ఒక గుంట చూసుకుని, అక్కడ మందు కొట్టకూడదని తీర్మానం చెయ్యండి. గడ్డి మరీ పెరిగితే గింజ రాలిన తర్వాత కొడవలితో కోయించండి, మేతకి కూడా వస్తుంది. గింజలు కొన్ని సేకరించి, ఎక్కడ ఎప్పుడు తీసిందీ రాసి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రానికి ఒక ఉత్తరం పెట్టండి, ఏ పద్ధతిలో పంపాలో వాళ్ళు చెప్తారు. ఇంకో మాట, డబ్బు మాట కాబట్టి సర్పంచ్ గార్లు కాస్త జాగ్రత్తగా చదవండి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ఉంది. నాటు రకాలతో పాటు పంటల అడవి బంధువుల్ని కాపాడే రైతులకి కూడా జాతీయ జీన్ ఫండ్ నుంచి గుర్తింపు, బహుమతి ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. ఊరు ఊరంతా కలిసి కాపాడితే ఇచ్చే అవార్డు కూడా ఉంది. రిజిస్టర్‌లో ‘లేవు’ అని రాసుకున్న ఊరు ఏ మొహం పెట్టుకుని దానికి అప్లికేషన్ పెడుతుంది?

మందు కొట్టిన గుంటలో నివ్వరి అంతా పోలేదు. తూము వెనకాల నీళ్ళు నిలిచిన చోట స్ప్రేయర్ గొట్టం అందలేదు, అక్కడ ఏడు దుబ్బులు ఉన్నాయి, నిన్న సాయంత్రం లెక్కపెట్టాను. కంకులు ఇంకో పది రోజుల్లో ముదురుతాయి. వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం పొద్దున్న ఏడు గంటల పంటుకి మీలో ఎవరైనా ఇద్దరు వస్తే చాలు, రేవు నుంచి పావుగంట నడక. రిజిస్టర్, పెన్ను మీరు తెచ్చుకోండి. తాకితే రాలిపోయే గింజ కాబట్టి కింద పరచడానికి పాత చీర నేను తెస్తాను.

ఇట్లు,
లంకలో అరెకరం క్యాబేజీ వేసే మనిషి